జింక బీడుకూ కౌలు కట్టాలి

కర్ణాటకలో పావగడ తాలూకా తిరుమణి దగ్గరి సోలార్ పార్కును ఇంకా పెంచుతారన్న మాట వినబడుతోంది. గురువారం సాయంత్రానికల్లా తిరుమణి మీద ముఖచిత్ర కథనం కావాలని సంపాదకులు అడిగారు. మెగావాట్ల లెక్కలు, కనుచూపు మేర పరుచుకున్న పలకల వరుసలు ఇప్పటికే చాలామంది రాశారు. నన్ను పట్టి నిలిపినవి మాత్రం రెండు కాగితాలు. ఒకటి, తిరుమణి చుట్టుపక్కల రైతులు సంతకాలు పెట్టిన కౌలు ఒప్పందం షరతులు. రెండోది, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో 36-ఎ నుంచి 36-డి దాకా ఉన్న నాలుగు సెక్షన్లు.

మొదటి కాగితం పావగడ తాలూకాలో 13,000 ఎకరాల చుట్టూ హద్దు గీసింది. రెండో కాగితంతో పొరుగున మధుగిరి తాలూకాలో గీసిన హద్దు 798 ఎకరాల దగ్గర ఆగింది. కరెంటు సంస్థ హద్దు అటవీశాఖ హద్దుకు పదహారు రెట్లు. ఈ తేడాకు కారణం రైతుకు జింక అంటే ప్రేమ లేకపోవడం కాదు. కారణం ఆ రెండు కాగితాల్లోనే ఉంది.

798 ఎకరాల జింకలు

తుమకూరు జిల్లా మధుగిరి తాలూకా మైదనహళ్లి దగ్గర ఉంది జయమంగలి కృష్ణజింకల సంరక్షణ ప్రాంతం. ఆంధ్ర సరిహద్దు పక్కనే, హిందూపురం దగ్గరే. దేవరాయనదుర్గ కొండల్లో పుట్టి, పరిగి దగ్గర పెన్నలో కలిసే జయమంగలి నది పేరే దీనికీ పెట్టారు. తుమకూరులోని వైల్డ్‌లైఫ్ అవేర్ నేచర్ క్లబ్ సభ్యులు ఇక్కడి జంతువులనూ పక్షులనూ ఏళ్ల తరబడి నమోదు చేస్తూ వచ్చారు. 2007లో ప్రభుత్వం దీన్ని సంరక్షణ ప్రాంతంగా ప్రకటించింది. కర్ణాటకలో రాణెబెన్నూరు తర్వాత కృష్ణజింకలు ఎక్కువగా ఉన్న చోటుగా దీనికి పేరు.

కృష్ణజింక బతుకంతా దాని చూపులోనూ కాళ్లలోనూ ఉంది. మగదాని వీపు నల్లగా, పొట్ట తెల్లగా ఉంటుంది, కొమ్ములు మెలితిరిగి పైకి లేస్తాయి. ఆడవి లేత గోధుమరంగులో ఉంటాయి, వాటికి కొమ్ములుండవు. మంద మేస్తూ ఉండగా దూరాన ఏదో కదులుతుంది. ఒక జింక నిలువునా గాల్లోకి ఎగురుతుంది, దాని వెనక మరొకటి. మరుక్షణం మందంతా పరుగు. ఆ పరుగుకు అడ్డు లేని నేల కావాలి. చెట్లు గుబురుగా ఉన్నచోట శత్రువు పొంచి ఉన్నా కనబడదు. అందుకే గడ్డినేలలో నీలగిరి మొక్కలు నాటి అడవి పెంచామనుకుంటే ఈ జింకకు చేటు చేసినట్టే. మైదనహళ్లిలోనూ కొంత మేర నీలగిరి తోట ఉంది.

సంరక్షణ ప్రాంతం హద్దు లోపలి గడ్డితో మంద కడుపు నిండదు. జింకలు చుట్టూ ఉన్న రాగి, జొన్న, శనక్కాయ చేలలోకి వెళ్తాయి. రైతు అదిలిస్తాడు, తిట్టుకుంటాడు, చాలాసార్లు ఊరుకుంటాడు. చట్టం జింకకిచ్చిన చోటు 798 ఎకరాలే. మిగతా చోటును పంట నష్టం భరిస్తూ ఇస్తున్నది రైతు, అదీ పైసా తీసుకోకుండా.

మొదటి కాగితం: ఇరవై ఒక్క వేలు

తిరుమణి, బళసముద్రం, క్యాతగానచెర్లు, వళ్లూరు, రాయచెర్లు. ఈ ఐదు ఊళ్ల భూముల్లో లేచింది ‘శక్తి స్థల’, అంటే పావగడ సోలార్ పార్కు. దీన్ని నడిపే కర్ణాటక సోలార్ పవర్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ 2015 మార్చిలో ఏర్పడింది. ఆ సంస్థ భూమిని కొనలేదు, బలవంతంగా సేకరించనూ లేదు, కౌలుకు తీసుకుంది.

షరతులు సామాన్యుడికి అర్థమయ్యేలా ఉన్నాయి. ఎకరానికి ఏడాదికి 21,000 రూపాయలు. రెండేళ్లకోసారి అయిదు శాతం పెంపు. గడువు 28 ఏళ్లు. పహణీలో, అంటే భూమి రికార్డులో, రైతు పేరు మారదు. ఆరు దశాబ్దాల్లో 54 సార్లు కరువు ప్రాంతంగా ప్రకటించిన తాలూకా ఇది. శనక్కాయ వేసి, మొగులు వైపు చూసి, బోరు మీద బోరు వేసి, చివరికి బెంగళూరుకు బస్సెక్కిన ఇళ్లు ఇక్కడ వీధికి నాలుగుంటాయి. అలాంటి చోట వాన పడినా పడకపోయినా చేతికొచ్చే డబ్బు ఇది, పైగా భూమి తనదిగానే ఉంటుంది. దాదాపు 2,300 మంది రైతులు సంతకం పెట్టారు. నేనైనా పెట్టేవాణ్ని.

ఆ కాగితంలో పేరు లేనివాళ్ల సంగతి కూడా చెప్పాలి. సెంటు భూమి లేని కూలీలకు కౌలు రాదు, కోతలకూ కలుపులకూ పోయే పనీ పోయింది. పంట కోశాక అందరి చేలలో జీవాలు మేపుకునే గొర్రెలకాపరులకు కంచె అడ్డమొచ్చింది. జింకల సంగతి సరేసరి. సోలార్ పలకల ప్రాజెక్టులకు 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నిబంధనలు వర్తించవు. అందువల్ల కంచె వేసేముందు ఆ నేల మీద ఏ జంతువు తిరుగుతోందో, ఏ పక్షి గుడ్లు పెడుతోందో లెక్కపెట్టాల్సిన పని ఎవరికీ చట్టప్రకారం పడలేదు.

పెట్టె: తిరుమణి పార్కు ఒక చూపులో

- సామర్థ్యం: 2,050 మెగావాట్లు. విస్తీర్ణం: సుమారు 13,000 ఎకరాలు, అంటే దాదాపు 53 చదరపు కిలోమీటర్లు.
- ప్రారంభం: 2018 మార్చి 1, నాటి ముఖ్యమంత్రి సిద్ధరామయ్య చేతుల మీదుగా. పూర్తి సామర్థ్యానికి చేరింది 2019 డిసెంబరులో.
- కర్ణాటక పునరుత్పాదక ఇంధన సంస్థ, కేంద్రానికి చెందిన సోలార్ ఎనర్జీ కార్పొరేషన్ కలిసి పెట్టిన సంస్థ దీన్ని నడుపుతోంది.
- మరో 10,000 ఎకరాలు ఇచ్చేందుకు రైతులు ముందుకొస్తున్నారని ప్రభుత్వ పెద్దలు చెబుతున్నారు.

రెండో కాగితం: కుర్చీ ఎవరికి?

2002లో వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని సవరించి ఈ నాలుగు సెక్షన్లు చేర్చారు. అభయారణ్యం అనగానే ఊళ్లు ఖాళీ చేయిస్తారన్న భయం ఉంటుంది కనుక, మనుషులుండగానే ప్రకృతిని కాపాడే మెత్తటి దారి ఇది. ఉద్దేశం మంచిదే. అక్షరం అక్షరం చదివితే లోటు బయటపడుతుంది.

36-ఎ ప్రకారం, ప్రభుత్వ భూమిని స్థానికులను సంప్రదించి సంరక్షణ ప్రాంతంగా ప్రకటించవచ్చు. అప్పటికే ఉన్న జాతీయ పార్కులకూ అభయారణ్యాలకూ ఆనుకుని ఉన్న నేలలకు, రెంటిని కలిపే నేలలకు ప్రాధాన్యం. అంటే మైదనహళ్లి చుట్టూ పశువుల మేతకు వదిలిన గోమాళాలనూ ప్రభుత్వ బీళ్లనూ కలుపుకోవడానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు.

36-బి ప్రకారం ఒక కమిటీ ఉంటుంది. అటవీశాఖ నుంచి ఒకరు, సభ్య కార్యదర్శిగా. ఒక్కో గ్రామ పంచాయతీ నుంచి ఒకరు. స్వచ్ఛంద సంస్థల నుంచి ముగ్గురు. వ్యవసాయశాఖ నుంచి ఒకరు, పశుసంవర్ధకశాఖ నుంచి ఒకరు. ఊరికి ఒక్క కుర్చీ, సంస్థలకు మూడు. రోజూ ఆ గడ్డి మీద నడిచే గొర్రెలకాపరికి పేరు పెట్టి ఇచ్చిన కుర్చీ ఒక్కటీ లేదు. పైగా ఈ కమిటీ సలహా చెబుతుందే గాని నిర్ణయం చేయదు.

రైతు భూమికి సంబంధించింది 36-సి. యజమాని తనంతట తాను ముందుకొస్తే పట్టా భూమిని కూడా సాముదాయిక సంరక్షణ ప్రాంతంగా ప్రకటించవచ్చు. అసలు మెలిక మూడో ఉపసెక్షన్‌లో ఉంది. ఒకసారి ప్రకటన వెలువడ్డాక ఆ భూమి వాడకాన్ని మార్చాలంటే కమిటీ తీర్మానం కావాలి, దాని మీద రాష్ట్ర ప్రభుత్వ ఆమోదం కావాలి. ఆ కమిటీ 36-డి కింద ఏర్పాటవుతుంది. 2022 సవరణ తర్వాత పట్టా భూమి అయితే ఆ కమిటీలో యజమానికీ చోటు దక్కింది. మరి ఇందుకు బదులుగా రైతుకు ఏడాదికి ఇంత ఇవ్వాలన్న మాట ఈ నాలుగు సెక్షన్లలో ఎక్కడా లేదు. ఇన్నేళ్లకు గడువు తీరుతుందన్న మాటా లేదు.

రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకటి ఏడాది ఏడాదికీ డబ్బిచ్చి, గడువు చెప్పి, భూమిని తిరిగిస్తానంటోంది. రెండోది డబ్బివ్వదు, గడువు చెప్పదు, దిగాక బయటికొచ్చే దారి ఇరుకు. ఏ రైతైనా దేని మీద సంతకం పెడతాడు?

పెట్టె: గీతలు నేర్పిన పాఠాలు

- కరేరా, మధ్యప్రదేశ్: బట్టమేక పక్షి కోసం 1981లో 202 చదరపు కిలోమీటర్ల మీద గీత గీశారు. రైతుల భూములు అందులో పడి అమ్ముకోవడానికి లేకుండా పోయింది. జనం ఎదురు తిరిగారు. చివరికి పక్షులూ పోయాయి.
- నాన్నజ్, మహారాష్ట్ర: 1979లో 8,496 చదరపు కిలోమీటర్లు ప్రకటించారు. కాగితం మీది ఆ హద్దు నిలవక 1,222 చదరపు కిలోమీటర్లకు కుదించాల్సి వచ్చింది.
- రోళ్లపాడు, ఆంధ్రప్రదేశ్: 1988లో 614 హెక్టార్ల అభయారణ్యం. గీత చిన్నది. చుట్టూ సాగునీరొచ్చి పంటలు మారాయి. బట్టమేకలకు కావాల్సిన మెట్ట చేలు తరిగిపోయాయి.
- బుక్కాపట్న, తుమకూరు జిల్లా: కెమెరాలకు చింకారా జింకలు చిక్కాక 2019లో సుమారు 136 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం వచ్చింది. మనసుంటే ప్రభుత్వం గీత గీయగలదు.

నాలుగు మాటల్లో చరిత్ర

పావగడ కొండకోట పాళెగాళ్లను చూసింది, మైసూరు రాజ్యాన్ని చూసింది. భాషాప్రయుక్త రాష్ట్రాలు వచ్చినప్పుడు మూడు వైపులా ఆంధ్ర నేల, నడుమ కర్ణాటక తాలూకాగా మిగిలింది. ఇంట్లో తెలుగు, బళ్లో కన్నడం. ఇక్కడి మెట్ట బీళ్లు తరతరాలుగా గొర్రెలకూ గొడ్లకూ మేతనేలలు. కంబళ్లు నేసే కురుబలూ మందలు తోలే గొల్లలూ వాటి మీదే బతికారు. పొరుగున చిత్రదుర్గ జిల్లా చళ్లకెరె దగ్గర మైసూరు ప్రభువుల నాటి అమృతమహల్ కావళ్లను, అంటే పశువుల మేతబీళ్లను, రక్షణ, అణు, అంతరిక్ష సంస్థలకు వేల ఎకరాల్లో పంచిపెట్టడం, దాని మీద జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా కేసులు నడవడం నిన్నమొన్నటి కథ. మేతనేలలను ఖాళీ నేలలుగా చూసే అలవాటు ఇక్కడ పాతదే.

డబ్బిచ్చి కాపాడినచోట

ప్రకృతిని కాపాడినందుకు రైతుకు డబ్బివ్వడం వింత కాదు. మండ్య జిల్లా కొక్కరెబెళ్లూరులో గూడబాతులూ కొంగలూ ఇళ్ల మధ్య చింతచెట్ల మీదే గూళ్లు కడతాయి. ఆ చెట్ల యజమానులకు అటవీశాఖ పరిహారం ఇస్తోంది. 2007లో ఆ ఊరు సాముదాయిక సంరక్షణ ప్రాంతమైంది. మన హిందూపురం వైపు వీరాపురంలో కూడా కొంగలు ఏటా చింతచెట్ల మీద వాలతాయి, జనం వాటిని ఇంటి ఆడపడుచుల్లా చూసుకుంటారు.

దూరం నుంచి ఒక ఉదాహరణ. కాలిఫోర్నియాలో కూపర్టినో, మౌంటెన్ వ్యూ చుట్టుపక్కల ఉండే మన తెలుగు కుటుంబాలు ఆదివారం నడకకు వెళ్లే రాంచో శాన్ ఆంటోనియో కొండలను చూసుకునేది మిడ్‌పెనిన్సులా ఓపెన్ స్పేస్ డిస్ట్రిక్ట్. 1972లో ఓటర్లు ఓటేసి పెట్టుకున్న సంస్థ అది. 2004లో శాన్ మటేయో తీరం వైపు 1,40,000 ఎకరాల మేర తన హద్దు పెంచుకుంది. తమ పొలాలు లాక్కుంటారేమోనని అక్కడి రైతులూ భయపడ్డారు. ఆ తీర ప్రాంతంలో బలవంతపు భూసేకరణ చేయబోమని సంస్థ తన చట్టంలోనే రాసుకుంది. రైతు సంఘంతో ఒప్పందం చేసుకుంది. ఇష్టపడి ఇచ్చేవాళ్ల నుంచే తీసుకుంటుంది. హద్దు పెరగడమంటే ఆ మేరకు భూమి సంస్థ చేతికి వచ్చేసినట్టు కాదు. ఎవరైనా ఇవ్వదలిస్తే తీసుకునే హక్కు, తీసుకున్నదాన్ని కాపాడే బాధ్యత వచ్చినట్టు.

ఏం చేయాలి?

నాకు సౌరవిద్యుత్తు మీద కోపం లేదు. బొగ్గు పొగ తగ్గాలంటే తిరుమణి లాంటివి కావాలి. అదే తిరుమణి మనకు మరో దారి కూడా చూపింది. రైతును మెడపట్టి గెంటకుండా, పహణీలో పేరు మార్చకుండా, ఏటా కౌలు చెల్లిస్తూ వేల ఎకరాలను ఒక పని కోసం పక్కన పెట్టవచ్చని రుజువు చేసింది. పలకల కోసం చేసినది గడ్డి కోసం ఎందుకు చేయకూడదు?

లెక్క చూడండి. మైదనహళ్లి చుట్టూ జింకలు తిరిగే చేలలో వెయ్యి ఎకరాలను తిరుమణి మొదటి ధరకే కౌలుకు తీసుకుంటే ఏడాదికి 2 కోట్ల 10 లక్షల రూపాయలు. అంతే. ఆ డబ్బుతో జింకకు చోటు రెట్టింపు దాటుతుంది, రైతుకు నికరమైన ఆదాయం వస్తుంది.

షరతులు ఇలా ఉండాలి. గడువుతో కూడిన కౌలు, రెండేళ్లకోసారి పెంపు. జీవాలను వంతులవారీగా మేపుకునే హక్కు రాతపూర్వకంగా ఇవ్వాలి, కమిటీలో గొర్రెలకాపరికి కుర్చీ ఉండాలి. భూమిలేని కూలీలకు కాపలా, విత్తనగడ్డి సేకరణ, నీలగిరి తొలగింపు లాంటి పనులు దక్కాలి. కొత్తగా నాటేది గడ్డే గాని చెట్టు కాదు.

ఊరు కూడా చేయగలిగింది ఉంది. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి పంచాయతీలో జీవవైవిధ్య నిర్వహణ కమిటీ ఉండాలి, ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు రాయాలి. ఏ గుట్ట దగ్గర జింకలు ఈనుతాయో, ఏ బీట్లో కౌజుపిట్టలు గుడ్లు పెడతాయో, ఏ వంక వెంట మందలు నడుస్తాయో ఊళ్లో వాళ్లకంటే బాగా ఎవరికీ తెలియదు. అవి ఆ రిజిస్టరులోకి ఎక్కాలి. రేపు ఎవరైనా ఈ నేల ఖాళీగానే ఉందంటే ముందు పెట్టడానికి చేతిలో కాగితం ఉండాలి.

ఇక ప్రభుత్వానికి ఒక్క మాట. సోలార్ పార్కు కోసం తర్వాతి 10,000 ఎకరాల ఒప్పందాల మీద సంతకాలు మొదలయ్యే ముందు ఆ నేల మీది జంతువులనూ మందలనూ లెక్కపెట్టండి. కంచెల మధ్య మందలకూ జింకలకూ దారులు వదలండి. అదే ఏడాది, అదే ధరకు జింకల బీడుకూ కౌలు కాగితం సిద్ధం చేయండి. సంతకం పెట్టడానికి ఈ రైతులు వెనకాడరని తిరుమణిలో ఇప్పటికే తేలిపోయింది.