కాగితం మీద ఎర్ర అంకె

కిందటేడు ఒకనాడు సుష్టుగా భోంచేసి, మధ్యాహ్నం మూడింటికి లేబొరేటరీకి పోయి రక్తం ఇచ్చి వచ్చాను. “ఒళ్లంతటికీ పరీక్ష, తగ్గింపు ధర” అన్న ప్రకటన చూసి పుట్టిన బుద్ధి అది. నాకు 38 ఏళ్లు. కొంతకాలంగా ఒకటే నీరసం. ఆఫీసునుంచి రాగానే మంచం ఎక్కడం అలవాటయింది. పెళ్లయి ఆరేళ్లయినా ఇంట్లో ఉయ్యాల కట్టలేదన్న దిగులు ఎలాగూ ఉన్నదే.

మర్నాడు వచ్చిన కాగితంలో టెస్టోస్టెరాన్ అన్న పేరుకెదురుగా డెసిలీటరుకు 248 నానోగ్రాములని ఎర్రగా అచ్చయి ఉంది. 300కు తగ్గరాదని ప్రక్కన హెచ్చరిక. నా మగతనాన్ని తక్కెడలో వేసి, తూకం తక్కువని నలుగురిలో చాటినట్లయింది. కాగితం తీసుకుపోయి బీరువాలో బట్టల అడుగున దాచాను.

కసరత్తు చేసే స్నేహితుడొకడు, “ఇంత ఆలోచన దేనికోయ్! రెండు వారాలకో ఇంజక్షను పొడిపించుకో, కుర్రాడివైపోతావు” అన్నాడు. దాదాపు ఒప్పేసుకున్నాను. ఇంతలో మా ఆవిడ బీరువా సర్దుతూ కాగితం చూసింది. “డాక్టరుగారికి చూపిద్దాం పదండి. నేనూ వస్తాను” అన్నది, అంతే.

హార్మోనుల వైద్యంలో చేయి తిరిగిన ఆ పెద్దాయన కాగితం చూసి, “రక్తం ఎన్నింటికిచ్చారు?” అన్నారు.

“భోంచేసి మూడింటికండి.”

ఆయన నవ్వి కాగితం బోర్లించారు.

ఈ హార్మోను ప్రొద్దున హెచ్చుగా ఉండి, సాయంత్రానికి తగ్గుతుందట. తిండి తింటే ఇంకా తగ్గుతుంది. అందుచేత పరగడుపున, ఉదయం 7 నుంచి 10 గంటల లోపల, వేర్వేరు రోజుల్లో రెండుసార్లు చూడనిదే తీర్పు చెప్పరాదు.

“మీ ఆస్తిలో కొంత పొలం, కొంత బ్యాంకులో సొమ్ము, కొంత జేబులో చిల్లర అనుకోండి” అన్నారాయన. రక్తంలోని టెస్టోస్టెరాన్‌లో ఒక భాగాన్ని ఎస్.హెచ్.బి.జి. అనే ప్రొటీను గట్టిగా పట్టుకుంటుంది. అది పొలం, తొందరగా చేతికి రాదు. ఇంకో పెద్ద భాగం ఆల్బుమిన్‌కు వదులుగా అంటుకుని ఉంటుంది. అది బ్యాంకు. నూటికి రమారమి రెండుపాళ్లు మాత్రం దేనికీ అంటక తిరుగుతుంది. జేబులో చిల్లర అదే. దాన్నే ఫ్రీ టెస్టోస్టెరాన్ అంటారు.

ఒళ్లు వచ్చినవారిలో ఆ ఎస్.హెచ్.బి.జి. తగ్గుతుంది. పొలం తగ్గి మొత్తం ఆస్తి తక్కువగా కనిపించినా, జేబు నిండుగానే ఉండవచ్చు. వయసు మళ్లినవారిలో అది పెరుగుతుంది. మొత్తం బాగున్నట్లే ఉండి, జేబు ఖాళీ కావచ్చు. ఫ్రీ హార్మోనును నేరుగా కొలిచే చవక పరీక్షలు నమ్మదగినవి కావట. మొత్తం, ఎస్.హెచ్.బి.జి., ఆల్బుమిన్ మూడూ తెలుసుకుని లెక్క కట్టడం మేలు. మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి పంపే ఎల్.హెచ్. చూస్తే, లోపం హుకుం పంపేచోట ఉన్నదో, పని జరిగేచోట ఉన్నదో తెలుస్తుంది.

“మరి ఇంజక్షనో?” అన్నాను నెమ్మదిగా.

ఆయన కళ్లజోడు తీశారు. “లోటు నిజమని తేలినవారికి అది మంచి మందే. కాని బయటినుంచి హార్మోను వస్తే పిట్యూటరీ హుకుములు మానేస్తుంది. వీర్యకణాల ఉత్పత్తి పడిపోతుంది. కొందరికి పూర్తిగా ఆగిపోతుంది. మందు మానినా తిరిగి రావడానికి నెలలు పడుతుంది. బిడ్డలు కావాలనుకునేవారు చేయవలసిన పనేనా?”

మా ఆవిడ నావైపు చూడలేదు. నా చేయి మాత్రం పట్టుకున్నది.

రెండు ఉదయాల పరీక్షల్లో 372, 391 వచ్చాయి. ఎస్.హెచ్.బి.జి. తక్కువే, లెక్క కట్టిన ఫ్రీ హార్మోను హద్దులోనే ఉంది. నా నీరసానికి మూలం 92 కిలోల బరువూ, రాత్రిళ్లు ఊపిరి అడ్డుపడే గురకా అని తేలింది. సంతానం సంగతికి ఇద్దరికీ వేరే పరీక్షలు రాశారు.

ఉయ్యాల ఇంకా కట్టలేదు. రోజూ ప్రొద్దునే ఇద్దరం కలిసి నడుస్తున్నాం. పరీక్షల కాగితాలు మాత్రం ఇప్పుడు బట్టల అడుగున లేవు. ఆవిడే వరసగా ఫైలులో పెడుతున్నది.