రంగుల కాపీయర్లలో వర్ణవిచలనం – బదిలీ బెల్టు లోపాలు: ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
రంగుల కాపీయర్ ఇచ్చిన ప్రతిలో అక్షరం అంచున వేరొక రంగు నీడలా తొంగిచూడటం తరచుగా ఎదురయ్యే లోపం. తాళపత్రాల, శాసనాల చిత్రాలను ఆధారంగా చూపే సిద్ధాంతగ్రంథాలలో ఈ లోపం పాఠనిర్ణయాన్నే తప్పుదారి పట్టించగలదు. నాలుగు రంగులు బదిలీ బెల్టుపై కలిసే తీరును, అవి పొందిక తప్పడానికి గల కారణాలను, లోపాన్ని క్రమంగా గుర్తించే పద్ధతిని ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: కాపీయర్, టోనర్, డ్రమ్ము, బదిలీ బెల్టు, వర్ణవిచలనం, సిద్ధాంతగ్రంథ ముద్రణ.

1. ఉపోద్ఘాతం:
1938 అక్టోబర్ 22న న్యూయార్క్ నగరంలోని ఆస్టోరియాలో చెస్టర్ కార్ల్‌సన్ స్థిరవిద్యుత్తు, పొడి సాయంతో తొలి నకలును సాధించాడు. ఆ సూత్రమే నేటి టోనర్ కాపీయర్లకు మూలం. నలుపు ఒక్కటే ఉన్నంతకాలం రంగుల పొందిక అనే ప్రశ్నే లేదు. పసుపు, మెజెంటా, సయాన్, నలుపు అనే నాలుగు టోనర్లు వేర్వేరు డ్రమ్ములపై బొమ్మకట్టి ఒకేచోట కలవవలసి వచ్చినప్పుడే ఈ సమస్య పుట్టింది. ఒక రంగు తన స్థానం నుంచి పక్కకు జరగడాన్ని ఈ వ్యాసంలో ‘వర్ణవిచలనం’ అని వ్యవహరించడమైనది.

2. రంగులు కలిసే తీరు:
ఒక్కో డ్రమ్ముపై ఒక్కో రంగు బొమ్మను లేజర్ లేదా ఎల్‌ఈడీ కాంతి గీస్తుంది. టోనర్ అంటుకున్న ఆ బొమ్మ నేరుగా కాగితం మీదికి పోదు. డ్రమ్ములను తాకుతూ తిరిగే బెల్టుపైకి చేరుతుంది. ఇది మొదటి బదిలీ. నాలుగు రంగులూ ఒకదానిపై ఒకటి చేరిన తరువాత, బెల్టు నుంచి కాగితంపైకి ఒక్కసారిగా దిగుతాయి. ఇది రెండవ బదిలీ. ఆపైన ఫ్యూజర్ తన వేడితో, ఒత్తిడితో టోనర్‌ను కాగితానికి అతికిస్తుంది.

దీనినిబట్టి ఒక ముఖ్యాంశం తేలుతుంది. రంగులు ఒకదానికొకటి తప్పాయంటే, ఆ తప్పు కాగితాన్ని చేరకముందే బెల్టుపై జరిగింది. కాగితం వంకరగా నడిస్తే నాలుగు రంగులూ కలిసే వంకరపోతాయి తప్ప విడిపోవు. 600 డీపీఐ యంత్రంలో చుక్కకూ చుక్కకూ మధ్య దూరం సుమారు 0.042 మి.మీ. అంటే 0.1 మి.మీ. తేడా వచ్చినా ఆ రంగు రెండు చుక్కలకు పైగా జరిగినట్లే.

3. తెలుగు లిపికి ఏర్పడే చిక్కు:
ద, ధ అక్షరాలకు భేదం అడుగునున్న చిన్న గీత. ధ, థ అక్షరాలకు భేదం లోపలి చుక్క. ఇంత సూక్ష్మమైన గుర్తులను రంగునీడ సులభంగా మరుగుపరుస్తుంది. నలుపు టోనర్ ఒక్కదానితోనే అచ్చయ్యే అక్షరానికి ఈ బెడద లేదు. కాని చిత్రంగా స్కాన్ చేసిన పుటలోని నల్లని అక్షరం నాలుగు రంగుల మిశ్రమంగా అచ్చు కావచ్చు. పాఠాంతరాలను నీలిరంగులో చూపితే అందులో సయాన్, మెజెంటా రెండూ ఉంటాయి. వాటిలో ఏది జరిగినా కంటికి తెలుస్తుంది. పసుపు జరిగితే మాత్రం తెల్లని కాగితంపై అంతగా కనిపించదు.

4. లోపనిర్ధారణ క్రమం:

4.1 స్కానర్ లోపమా? ముద్రణ లోపమా?: ముందుగా కంప్యూటర్ నుంచి రంగుల పుటను నేరుగా ముద్రించాలి. అది శుభ్రంగా వచ్చి, నకలు తీసిన పుటలోనే రంగునీడ ఉంటే లోపం స్కానర్ భాగంలో ఉన్నట్టు. అప్పుడు బెల్టు జోలికి పోనవసరం లేదు.

4.2 పుటంతా ఒకే మేర జరగడం: యంత్రం లోపలి ఉష్ణోగ్రత మారినా, డ్రమ్ము మార్చినా, యంత్రాన్ని చోటు మార్చినా ఇలా జరుగుతుంది. మెనూలోని రంగుల సర్దుబాటుతో ఇది చాలావరకు తొలగుతుంది. ఈ ప్రక్రియలో యంత్రం బెల్టుపై నాలుగు రంగుల గుర్తులు వేసి, సెన్సార్లతో చదివి, తేడాను సవరించుకుంటుంది. సర్దుబాటు విఫలమైతే దాన్ని పదేపదే చేయడం వృథా. సెన్సార్ అద్దంపై టోనర్ పొడి పేరుకున్నదా, బెల్టును తుడిచే బ్లేడు అరిగినదా, బెల్టుపై గీతలు పడ్డాయా అన్నది చూడాలి.

4.3 ఒక అంచున సరిగా ఉండి, మరొక అంచున తప్పడం: డ్రమ్ము యూనిట్ లేదా బెల్టు యూనిట్ సరిగా కూర్చోకపోవడం, బెల్టు ఒక పక్కకు ఒరిగి నడవడం ఇందుకు కారణాలు.

4.4 నిర్ణీత దూరంలో పునరావృతం కావడం: ఆ దూరాన్ని స్కేలుతో కొలవాలి. 30 మి.మీ. వ్యాసం గల డ్రమ్ము చుట్టుకొలత సుమారు 94 మి.మీ. మచ్చ ప్రతి 94 మి.మీ.కు వస్తే ఆ డ్రమ్మును అనుమానించాలి. బెల్టుపైని గీత బెల్టు పూర్తిగా తిరిగిన తరువాతే మళ్లీ వస్తుంది. బెల్టు పొడవు పుట పొడవును మించినప్పుడు ఆ మచ్చ ప్రతి పుటలో ఒకేచోట పడకపోవచ్చు.

4.5 మందపు కాగితంపై మాత్రమే కనిపించడం: మందమైన కాగితం రెండవ బదిలీ చోట ప్రవేశించే క్షణంలో తగిలే కుదుపుకు బెల్టు వేగం తడబడుతుంది. అప్పటికి డ్రమ్ముల వద్ద ఇంకా బదిలీ అవుతున్న భాగంలో పుటకు అడ్డంగా ఒక పట్టీ ఏర్పడుతుంది. కాగితం రకాన్ని యంత్రంలో సరిగా ఎంచుకోవడం మొదటి పరిష్కారం.

4.6 విచలనం కాని లోపం: రంగులు పొందికగానే ఉండి, మరకలు మరకలుగా వెలిసినట్లుంటే అది బదిలీ వోల్టేజికి, కాగితంలోని తేమకు సంబంధించినది. వానకాలంలో విప్పి ఉంచిన కాగితాల కట్ట ఇందుకు తరచు కారణమవుతుంది.

5. జాగ్రత్తలు:
విద్యుత్తు ఆపి, ఫ్యూజర్ చల్లబడిన తరువాతే యంత్రాన్ని తెరవాలి. బెల్టు ఉపరితలాన్ని చేతితో తాకితే వేళ్ల జిడ్డు మచ్చగా నిలుస్తుంది. బయటికి తీసిన డ్రమ్మును వెలుతురు తగలకుండా కప్పి ఉంచాలి. తయారీదారు సూచించని ద్రావకాలతో బెల్టును తుడవరాదు.

6. ముగింపు:
వర్ణవిచలనం ఎక్కడ, ఏ దిక్కున, ఎంత దూరానికొకసారి కనిపిస్తున్నదో గమనిస్తే కారణం చాలావరకు బయటపడుతుంది. ఈ పరిశీలన లేకుండా బెల్టును మార్చడం ఖర్చే తప్ప పరిష్కారం కాదు. పరిశోధకులు సిద్ధాంతగ్రంథాన్ని బైండింగుకు ఇచ్చేముందు రంగుల పుటలను ఒక్కొక్కటిగా పరిశీలించడం, మూలపాఠాన్ని కేవల నలుపులో ముద్రించడం మేలు. ముద్రిత చిత్రంలోని ఒక గీతను లేదా చుక్కను ఆధారంగా చేసుకొని పాఠనిర్ణయం చేయవలసి వచ్చినప్పుడు, దానిని మూల డిజిటల్ చిత్రంతో సరిచూడటం తప్పనిసరి. లేకపోతే యంత్రం చేసిన పొరపాటు లేఖకుని పాఠాంతరంగా పరిశోధనలో స్థిరపడే ప్రమాదం ఉంది.