పోలింగ్ రోజు సెలవు – యజమాని బాధ్యత

ప్రజాప్రాతినిధ్య చట్టం 1951లోని 135బి సెక్షన్ ప్రకారం, ఓటు హక్కున్న ప్రతి ఉద్యోగికీ పోలింగ్ రోజు వేతనంతో కూడిన సెలవు ఇవ్వాలి. దుకాణం, కర్మాగారం, కార్యాలయం ఏదైనా ఇదే నియమం. దినసరి కూలీకీ ఆ రోజు కూలి ఇవ్వాల్సిందే. ఉల్లంఘించిన యజమానికి 500 రూపాయల వరకు జరిమానా ఉంటుంది. ఇది మరీ స్వల్పం. ఉద్యోగి లేకపోతే ప్రమాదం లేదా భారీ నష్టం కలగవచ్చనుకునే పనులకు మాత్రం మినహాయింపు ఉంది. అలాంటి చోట్ల షిఫ్టులు సర్దితే అందరూ ఓటు వేయగలరు.

సెలవు ఒక్కటే చాలదు. 2024 లోక్‌సభ ఎన్నికల్లో హైదరాబాద్ స్థానంలో పోలింగ్ 50 శాతానికి చేరలేదు. హైదరాబాద్‌లో పోలింగ్ జరిగిన మే 13నే ఆంధ్రప్రదేశ్‌లోనూ పోలింగ్ జరిగింది. నగరంలో పనిచేస్తూ సొంతూళ్లో ఓటున్నవారికి ప్రయాణం కోసం పోలింగ్‌కు ముందురోజు కూడా సెలవు కావాలి.

అసలు పని నెలల ముందే మొదలవ్వాలి. కొత్త ఓటుకు ఫారం 6, చిరునామా మార్పుకు ఫారం 8 నింపించే శిబిరం కార్యాలయంలోనే పెట్టవచ్చు. ఎవరికి ఓటేయాలో చెప్పడం, వేసినట్టు రుజువు అడగడం మాత్రం యజమాని పని కాదు. యజమానులారా, పోలింగ్ తేదీ ప్రకటించగానే సెలవు నోటీసు అంటించండి.