సోలార్ ప్యానెల్ కంటే ముందు కిటికీ



ఈవీఎస్ ప్రాజెక్టు అనగానే పిల్లలు అట్టముక్కలతో ముచ్చటైన గ్రీన్ బిల్డింగ్ మోడల్స్ చేసి తెస్తారు. పైకప్పు మీద నీలం కాగితం అంటించి, అది సోలార్ ప్యానెల్ అంటారు. “బాగుంది, మరి మీ ఇంటికి పడమర ఎటు?” అని అడిగితే చాలామంది ఆలోచనలో పడతారు.

ఇల్లు కొనేటప్పుడు మనమూ అంతే. ఈస్ట్ ఫేసింగా, కాదా అని అడుగుతాం. మే నెలలో సాయంత్రం 4 గంటలకు ఏ గదిలో ఎండ పడుతుందో అడగం. ఇరవై ఏళ్లు ఈఎంఐ కట్టే ఇల్లు అది. పిల్లల చదువూ నిద్రా అందులోనే. ఫ్యాన్, లైటు ఎప్పుడైనా మార్చుకోవచ్చు గానీ, గోడలు లేచాక గది దిక్కు మార్చలేం.

మూడు మెట్ల ఆలోచన

1987లో ఐక్యరాజ్యసమితికి చెందిన బ్రంట్‌లాండ్ కమిషన్ సుస్థిర అభివృద్ధిని నిర్వచించింది. మన అవసరాలు తీరాలి, కానీ రేపటి తరానికి లోటు రాకూడదు అన్నది దాని సారాంశం. భవనాలకు దీన్ని మూడు మెట్లుగా గుర్తుపెట్టుకోవచ్చు. ముందు అవసరాన్ని తగ్గించాలి. తర్వాత ఉన్నదాన్ని పొదుపుగా వాడాలి. ఆ తర్వాతే కరెంటు సొంతంగా తయారుచేసుకోవాలి. సోలార్ ప్యానెల్ మూడో మెట్టు.

మొదటి మెట్టు: ఎండను ఆపడం

మన ప్రాంతంలో వేసవి మధ్యాహ్నం సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు. స్లాబు పగలంతా వేడిని పీల్చుకుని, రాత్రి నెమ్మదిగా గదిలోకి వదులుతుంది. పై అంతస్తులో రాత్రి పదింటికీ ఫ్యాను వేడి గాలి కొట్టడానికి కారణం ఇదే. నల్లని వస్తువులు వేడిని ఎక్కువగా పీల్చుకుంటాయని, తెల్లనివి తిప్పి పంపుతాయని పిల్లలు సైన్స్‌లో చదువుతారు. డాబా మీద తెల్లని కూల్ రూఫ్ పెయింట్ వేయడం ఆ పాఠమే. ఇదే ఆలోచనతో తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది.

ఇక కిటికీలు. దక్షిణం వైపు కిటికీకి మంచి సన్‌షేడ్ ఉంటే చాలావరకు సరిపోతుంది. పడమర అలా కాదు. సాయంత్రం సూర్యుడు కిందికి వాలడంతో ఎండ సన్‌షేడ్ కింద నుంచి నేరుగా లోపలికి వస్తుంది. అక్కడ చెట్టు, వరండా లేదా వెదురు చాప కావాలి. పడమటి వైపు బాత్రూమ్, స్టోర్ రూమ్ ఉంటే ఇంకా మంచిది. ఎదురెదురుగా కిటికీలుంటే గాలి ఆడుతుంది.

రెండో మెట్టు: పొదుపు

ఇంత చేశాక కూడా ఏసీ అవసరం కావచ్చు, తప్పులేదు. బీఈఈ స్టార్ లేబుల్ చూసి కొనండి, 24 డిగ్రీల దగ్గర పెట్టండి. ఒక్క డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు ఆదా అవుతుందని బీఈఈ చెబుతోంది.

నీటి లెక్క ఇంకా ఆసక్తికరం. 100 చదరపు మీటర్ల డాబా, అంటే దాదాపు 120 గజాలు. దాని మీద 10 మిల్లీమీటర్ల వాన పడితే 1,000 లీటర్లు. హైదరాబాద్‌లో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన అనుకుంటే 80,000 లీటర్లు! కొంత ఆవిరైనా, మిగతాది ఇంకుడు గుంతకు చేరితే వేసవిలో ట్యాంకర్ల బెడద కొంతైనా తగ్గుతుంది.

మన హైదరాబాద్‌లోనే

ఈ మెట్లన్నీ ఒకేచోట చూడాలంటే హైటెక్ సిటీ దగ్గరి సీఐఐ సొహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ ఉంది. 2004 జూలై 14న అప్పటి రాష్ట్రపతి అబ్దుల్ కలాం దీన్ని ప్రారంభించారు. అమెరికా బయట లీడ్ ప్లాటినం రేటింగ్ పొందిన మొదటి భవనం ఇదే. మధ్యలో గుండ్రని ముంగిలి, ఎండను వడకట్టే జాలీ గోడలు, కప్పు మీద తోట, ఏసీకి చేరేలోపే గాలిని చల్లబరిచే విండ్ టవర్లు ఉన్నాయి. వాడిన నీటిని మొక్కల వేళ్ల సాయంతో శుద్ధి చేసి తోటకు పారిస్తారు. వీటితోపాటే సోలార్ ప్యానెళ్లు. గోదావరి జిల్లాల మండువా లోగిలి చూసినవారికి ఆ ముంగిలి కొత్తగా అనిపించదు. నడిమధ్య నుంచి గాలీ వెలుతురూ తెచ్చుకోవడం మన తాతలకు తెలిసిన విద్యే.

ఇల్లు కొనేముందు అడగాల్సినవి

• పడమటి ఎండ ఏ గదిలో పడుతుంది? దానికి అడ్డు ఏమిటి?
• పగలు లైటు వేయకుండా పిల్లలు చదువుకోగలరా?
• వాన నీరు ఎక్కడికి పోతుంది? ఇంకుడు గుంత చూపిస్తారా?
• వాడిన నీటిని శుద్ధి చేసి మొక్కలకు, ఫ్లష్‌లకు వాడుతున్నారా?
• గ్రీన్ సర్టిఫికెట్ ప్లాన్ దశలో ఇచ్చే ప్రీ-సర్టిఫికేషనా, కట్టడం పూర్తయ్యాక వచ్చిన తుది రేటింగా? ఈ రెండూ ఒకటి కాదు.

అద్దె ఇంట్లో ఉన్నా కొన్ని చేయవచ్చు. పడమటి కిటికీకి వెదురు చాప కట్టడానికి, బాల్కనీలో తీగ మొక్క పెంచడానికి ఓనరు అభ్యంతరం చెప్పకపోవచ్చు.

ఈ ఆదివారం పిల్లలతో

ఫోన్‌లో కంపాస్ తెరిచి ఇంటి దిక్కులు గుర్తించమనండి. ఉదయం 9, మధ్యాహ్నం 12, సాయంత్రం 4 గంటలకు ఎండ ఏ గదిలో ఎంతవరకు వస్తోందో నేల మీద చాక్‌పీస్‌తో గీయించండి. తర్వాత డాబా కొలతలు తీసుకుని వాన నీటి లెక్క కట్టించండి. లెక్కలు, సైన్స్, సోషల్ మూడూ ఇందులో ఉన్నాయి. వాళ్లు గీసిన ప్లాన్‌ను సోమవారం క్లాసుకు పంపండి. వచ్చేసారి మోడల్ చేసేటప్పుడు ముందు పడమర ఎటో గుర్తుపెట్టి, ఆ తర్వాతే నీలం కాగితం అంటిస్తారు.