ఆగని కణాలు చెప్పిన రహస్యం

చేతికి చిన్న గాయమైతే కొద్ది రోజుల్లో మానిపోతుంది. గాయం అంచున ఉన్న చర్మ కణాలు ఒకటి రెండుగా, రెండు నాలుగుగా విడిపోయి ఆ ఖాళీని పూడుస్తాయి. చర్మం కలిసిపోగానే విభజన నెమ్మదిస్తుంది. మేము తరగతిలో కణ విభజన పాఠం చెప్పేటప్పుడు పిల్లలకు ఈ సంగతే ముందు చెబుతాం. శరీరానికి పెరగడం ఎంత అవసరమో, సమయానికి ఆగడం కూడా అంతే అవసరం. ఆగడం మరచిన కణాలే క్యాన్సర్ గడ్డగా మారతాయి.

అవి ఎందుకు ఆగవో తెలియాలంటే వాటిని శరీరం బయట పెంచి గమనించాలి. కానీ ప్రయోగశాలలో మనిషి కణాలు కొన్నాళ్లకే చనిపోయేవి. 1951లో అమెరికాలోని బాల్టిమోర్‌లో, జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రికి హెన్రియెట్టా లాక్స్ అనే నల్లజాతి మహిళ వచ్చారు. ఆమెది గర్భాశయ ముఖద్వార క్యాన్సర్. ఆమె గడ్డ నుంచి తీసిన చిన్న ముక్క జార్జ్ గై అనే శాస్త్రవేత్త ప్రయోగశాలకు చేరింది. ఆ కణాలు చావలేదు. దాదాపు రోజుకొకసారి రెట్టింపవుతూ పోయాయి. ఐదుగురు బిడ్డల తల్లి అయిన ఆమె మాత్రం ఆ అక్టోబర్‌లోనే, 31 ఏళ్లకు కన్నుమూశారు. ఆమె పేరులోని అక్షరాలతో 'హీలా' అని పిలిచే ఆ కణాలు నేటికీ ఎన్నో దేశాల ప్రయోగశాలల్లో పెరుగుతున్నాయి.

కణం విడిపోయే ముందు తన జన్యువులన్నిటికీ నకలు తీసుకుంటుంది. అక్కడ ఇద్దరు కాపలాదారుల్లాంటి ప్రొటీన్లు ఉంటాయి. ఆర్‌బి అనేది సమయం రాకముందే నకలు మొదలుకాకుండా ఆపుతుంది. పి53 అనేది జన్యువులు దెబ్బతింటే పని నిలిపివేస్తుంది. మరమ్మతు కాకపోతే ఆ కణాన్నే చావమంటుంది.

హీలా కణాల్లో ఈ ఇద్దరూ పనిచేయడం లేదు. కారణం హెచ్‌పీవీ అనే వైరస్. జర్మనీ శాస్త్రవేత్త హరాల్డ్ జుర్ హౌజెన్ బృందం 1980లలో ఈ కణాల్లో 18వ రకం హెచ్‌పీవీ జన్యువులను గుర్తించింది. ఆ వైరస్ తయారుచేసే రెండు ప్రొటీన్లలో ఒకటి పి53ను నాశనం చేస్తుంది, రెండోది ఆర్‌బిని కట్టిపడేస్తుంది. ప్రయోగశాలలో ఆ రెండింటి తయారీని అణచివేస్తే, అర్ధ శతాబ్దంగా ఆగని హీలా కణాలు సైతం విడిపోవడం మానేశాయి! కాపలాదారులు చనిపోలేదు, వారి చేతులు మాత్రమే కట్టేసి ఉన్నాయని దీనితో రుజువైంది. జుర్ హౌజెన్‌కు 2008లో నోబెల్ బహుమతి లభించింది.

ఈ పరిశోధన ఫలితమే 2006లో వచ్చిన హెచ్‌పీవీ టీకా. మన దేశంలోనూ పుణెలోని సీరం ఇన్‌స్టిట్యూట్ ఇలాంటి టీకా తయారుచేస్తోంది. చాలామందిలో ఈ వైరస్ దానంతట అదే పోతుంది. కొందరిలో ఏళ్ల తరబడి నిలిచి క్యాన్సర్‌కు దారితీస్తుంది. టీకా వైరస్‌ను రాకుండా అడ్డుకుంటుందే గాని, వచ్చినదాన్ని పోగొట్టదు. అందుకే 9 నుంచి 14 ఏళ్ల లోపు ఆడపిల్లలకు వేయించడం మేలు. 30 దాటిన స్త్రీలు, టీకా వేయించుకున్నవారు సహా, వైద్యుల సలహాతో పరీక్ష చేయించుకోవాలి. ముందుగా కనిపెడితే ఇది నయమయ్యే జబ్బు.

దాతలు ఇష్టపూర్వకంగా ఇస్తారు. హెన్రియెట్టాను మాత్రం ఎవరూ అడగలేదు. ఆమె కణాలు బతికే ఉన్నాయని ఆ కుటుంబానికి ఇరవై ఏళ్లు దాటాక గాని తెలియలేదు. అడగకుండా తీసుకున్నది తప్పే. దానివల్ల దొరికిన జ్ఞానం మాత్రం ఇప్పుడు మన ముంగిట ఉంది. టీకా గురించి ఈ వారమే మన ఇళ్లలో, మన బడుల్లో మాట్లాడదాం.