గ్రహణి: ప్రేగులలోని సూక్ష్మజీవులు, మన విస్తరిలోని ఆహారం

భోజనం చేయగానే కడుపులో మెలిపెట్టినట్లు నొప్పి, వెంటనే విరేచనానికి పోవలసిన తొందర, పోయి వచ్చినా ఇంకా మిగిలి ఉన్నదనే అసంతృప్తి. కొందరికి నీళ్ళ విరేచనాలు, కొందరికి మలబద్ధం, మరికొందరికి ఈ రెండూ మార్చి మార్చి. రక్తపరీక్షలు, స్కానింగు, ఎండోస్కోపీ అన్నీ చేయించినా ఏ దోషమూ కనబడదు. "ఇదంతా నీ భ్రమ" అని ఇంటివారు తేల్చివేస్తారు. ప్రయాణాలు, పెళ్ళిళ్ళు, పేరంటాలు ఒక్కొక్కటే మానుకుంటూ రోగి ఇంటికే పరిమితమవుతాడు.

ఇది భ్రమ కాదు. ఆధునిక వైద్యులు దీనిని ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్, క్లుప్తంగా ఐ.బి.ఎస్. అంటారు. 2016లో వెలువడిన రోమ్ నిర్ణయాల ప్రకారం, గడచిన 3 నెలలలో సగటున వారానికి ఒకరోజైనా కడుపునొప్పి ఉండి, అది మలవిసర్జన, విరేచనాల సంఖ్యలో మార్పు, మలం తీరులో మార్పు అనే మూడింటిలో రెండింటితోనైనా ముడిపడి, మొదలై 6 నెలలైనా గడచి ఉంటే ఈ వ్యాధిగా గుర్తిస్తారు.

శాస్త్రం ఏమి చెప్పింది?

చరక సంహిత చికిత్సాస్థానం 15వ అధ్యాయంలో గ్రహణీ చికిత్స ఉన్నది. జఠరాగ్నికి నెలవైన అవయవం గ్రహణి. అగ్ని మందగించినప్పుడు మలం ఒకసారి గట్టిగానూ, ఒకసారి పలుచగానూ పోతుంది. అతిసారం తగ్గిన పిదప, అగ్ని ఇంకా కుదుటపడకముందే అపథ్యం చేసినవారికి గ్రహణి చెడుతుందని సుశ్రుతుడు ఉత్తరతంత్రంలో హెచ్చరించాడు. నేటి పరిశోధనలు ఈ మాటకు దగ్గరగా వచ్చాయి. అంటువిరేచనాలు సోకినవారిలో సుమారు పదిమందిలో ఒకరికి తరువాత ఐ.బి.ఎస్. మిగిలిపోతున్నది. అయితే శాస్త్రంలోని గ్రహణి మరికొన్ని ప్రేగు వ్యాధులను కూడా ఇముడ్చుకొన్న విశాలమైన పేరు. కనుక రెండూ అచ్చంగా ఒకటేనని నేను అనను.

మనలోని అతిథులు

మన దేహంలో సుమారు 38 లక్షల కోట్ల బాక్టీరియా ఉంటుందని 2016లో శాస్త్రజ్ఞులు అంచనా వేశారు. అందులో అత్యధిక భాగం పెద్దప్రేగులోనే. మనకు జీర్ణం కాని పీచును, కొన్ని చక్కెరలను ఇవి పులియబెట్టి, ప్రేగు గోడకు ఆహారమయ్యే ఆమ్లాలను తయారు చేస్తాయి. ఆ పనిలోనే వాయువు కూడా పుడుతుంది. ఆరోగ్యవంతుడు గమనించనైనా గమనించని ఆ వాయువే ఐ.బి.ఎస్. రోగిని బాధిస్తుంది. కారణం, అతని ప్రేగు నరాలు కొద్దిపాటి ఉబ్బరాన్ని కూడా నొప్పిగా మెదడుకు చేరవేస్తాయి. అనవసరంగా ఆంటీబయాటిక్ మందులు వాడితే ఈ సూక్ష్మజీవుల సమతౌల్యం మరింత చెదురుతుంది.

మితిమీరిన పథ్యమూ హానికరమే

గురుకులంలో మా ఆచార్యులు రోగి నాడి చూచే ముందు అతని విస్తరి చూడమనేవారు. కొన్నేళ్ళ క్రిందట ఒక ఉపాధ్యాయిని నా వద్దకు వచ్చారు. పాలు, పప్పు, పండ్లు, కూరలు ఒక్కొక్కటే వదలివేసి చివరకు చారన్నంతో కాలం గడుపుతున్నారు. బరువు తగ్గిందని చెప్పగానే ముందు ఆసుపత్రిలో పరీక్షలు చేయించుకొమ్మన్నాను. ఏ ప్రమాదమూ లేదని తేలిన పిదప, ఏమి తిన్నదీ, ఎప్పుడు నొప్పి వచ్చినదీ ఒక నోటుపుస్తకంలో వ్రాయమని చెప్పి, మానిన పదార్థాలను ఒక్కొక్కటిగా తిరిగి పెట్టించాను. రెండు నెలల తరువాత చూస్తే ఆమెకు నిజంగా సరిపడనివి పాలూ, ఉల్లి వెల్లుల్లీ మాత్రమే! మిగిలినవన్నీ ఆమె భయంతో వదలుకున్నవే.

ఆస్ట్రేలియాలో మెల్బోర్న్‌లోని మొనాష్ విశ్వవిద్యాలయంవారు రూపొందించిన ఫాడ్‌మ్యాప్ ఆహార పద్ధతి కూడా ఇట్టిదే. ఉల్లి, వెల్లుల్లి, గోధుమ, పాలు, పప్పుదినుసులు, కాలీఫ్లవర్, ఆపిల్, మామిడి వంటివాటిని 4 నుండి 6 వారాలు తగ్గించి, పిదప ఒక్కొక్కటే తిరిగి పరీక్షించుకోవాలి. ఎల్లకాలం మానరాదు. చాలాకాలం మానితే ప్రేగులలో మేలుచేసే బిఫిడో జాతి బాక్టీరియా తగ్గిపోతుంది.

గృహిణులకు సూచనలు

• వరి అన్నం సాధారణంగా ఈ రోగులకు సరిపడుతుంది. కందిపప్పు బదులు పెసరపప్పును నానబెట్టి, ఆ నీటిని పారబోసి, మెత్తగా ఉడికించి కొద్దిగా పెట్టండి.

• ఉల్లి వెల్లుల్లి పడనివారికి ఇంగువ పోపు చాలు. బజారు ఇంగువలో గోధుమపిండి కలిసి ఉండవచ్చును. గోధుమ బొత్తిగా పడని సీలియాక్ రోగులు ఈ సంగతి గమనించాలి.

• బాగా చిలికి వెన్న తీసి, నీరు చేర్చిన మజ్జిగలో శొంఠి, జీలకర్రపొడి, సైంధవలవణం కలిపి మధ్యాహ్నం తీసుకోవచ్చును. తేలికగా ఉండి, అగ్నిని పెంచి, మలాన్ని కట్టే గుణం వల్ల చరకుడు గ్రహణికి తక్రాన్ని మెచ్చుకొన్నాడు. పాలు పడనివారు మాత్రం అరగ్లాసుతో మొదలుపెట్టి చూడాలి.

• ఇసబ్‌గోల్ పొట్టు ఒక చెంచా, నిండు గ్లాసు నీటితో. గోధుమ తవుడు కొందరికి ఉబ్బరాన్ని పెంచుతుంది.

• వేళకు భోజనం, నమలి తినడం, చాలినంత నిద్ర ముఖ్యం. పరీక్షలవేళ విద్యార్థులకు ఈ బాధ ఎక్కువ కావడం మీరు చూచే ఉంటారు. మనస్సుకూ ప్రేగుకూ ఉన్న సంబంధం అంత గాఢమైనది.

ఎప్పుడు ఆలస్యం చేయరాదు?

మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తహీనత, జ్వరం, నిద్రలేపే విరేచనాలు, 50 ఏళ్ళు దాటిన తరువాత క్రొత్తగా మొదలైన మార్పు, కుటుంబంలో పెద్దప్రేగు కాన్సరు చరిత్ర: వీటిలో ఏ ఒక్కటి ఉన్నా మజ్జిగతోనూ, చూర్ణాలతోనూ కాలయాపన చేయకండి. ముందు ఆసుపత్రికి వెళ్ళండి. కొడిసపాల, మారేడు వంటి ఔషధాలను కూడా వైద్యుని సలహాపైననే వాడాలి.

ఈ వ్యాధి ప్రాణం తీయదు, కాని జీవితాన్ని ఇరుకు చేస్తుంది. రోగి మాటను నమ్మి, అతనికి సరిపడే వంటను విసుగు లేకుండా వండిపెట్టే ఇల్లు ఉంటే సగం చికిత్స అక్కడే జరిగినట్లు.