గొడ్లపాకకు విద్యుత్తు

పల్లెటూళ్ళలో ఇంటి పెరటి చివర గొడ్లపాక ఉండటం పరిపాటి. చీకటివేళ పాలు పితకడానికి దీపం, గడ్డి నరకడానికి మోటారు అవసరం. అందుకై ఇంటి నుండి ఒక తీగను చెట్టుకొమ్మల మీదుగానో, దండెం వెంబడినో లాగితే పని నెరవేరినట్లే కనిపిస్తుంది. కాని ఎండకూ వానకూ తీగ మీది తొడుగు చిట్లిననాడు తడిసిన ఇనుప స్తంభమే మృత్యువుగా మారుతుంది.

మన ఇళ్ళకు అందే విద్యుత్తు 230 వోల్టులది. తీగలో ప్రవాహం పరిమితిని మించినప్పుడు మాత్రమే ఎం.సి.బి. సరఫరాను నిలుపుతుంది. మనిషి ప్రాణం తీయడానికి ఆంపియరులో పదో వంతు చాలు. 16 ఆంపియర్ల ఎం.సి.బి. దానిని గుర్తించదు. ఆ లోటును తీర్చేది ఆర్.సి.సి.బి. వెళ్ళిన ప్రవాహానికీ తిరిగి వచ్చిన ప్రవాహానికీ తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరగానే అది రెప్పపాటులో సరఫరాను తెంచుతుంది.

కనుక ఇంటి బోర్డు వద్దనే ఈ రెండింటినీ అమర్చాలి. ఉక్కు కవచం గల కేబులును 75 సెంటీమీటర్ల లోతున పూడ్చి, పైన ఇటుకలు పరచాలి. ఎర్తు తీగను పాకదాకా సాగించి, మోటారు లోహభాగాలనూ కేబులు కవచాన్నీ దానికి కలపాలి. లైసెన్సు గల వైర్‌మన్ చేతనే ఈ పని చేయించాలి. ఆర్.సి.సి.బి. మీది టెస్ట్ బటన్‌ను అప్పుడప్పుడు నొక్కి పరీక్షించాలి.

పశువుల ముందుకాళ్ళకూ వెనుకకాళ్ళకూ నడుమ దూరం ఎక్కువ. అందువల్ల నేలలోకి పాకిన విద్యుత్తు మనకంటె ముందు వాటినే బలిగొంటుంది. నోరులేని ఆ జీవాల క్షేమం మన ముందుచూపులోనే ఉంది.